మబ్బు పైన విమానం చప్పుడు

నేను పనిచేసింది వైమానిక దళంలోనే కానీ మా దగ్గర ఒక్క విమానం కూడా ఉండేది కాదు. ఈ సంగతి చెబితే ఆదోనిలో ఎవరూ నమ్మేవారు కాదు. సెలవు మీద వచ్చినప్పుడల్లా చొక్కా మీది రెక్కల గుర్తు చూసి, "ఎన్ని ఇమానాలు తోలినావప్పా?" అని అడిగేవారు. తోలలేదంటే చిన్నబుచ్చుకున్నట్టు చూసేవారు. మా నాన్న పత్తి మండీలో గుమాస్తా. ఆయన మాత్రం షావుకార్ల ముందు "మావాడు ఇమానంలోనే ఉంటాడు" అని చెప్పేసి ఊరుకునేవాడు. నేనూ దిద్దలేదు.

స్కూల్ ఫైనల్ ప్యాసయ్యాక బళ్ళారిలో భర్తీ జరుగుతోందంటే వెళ్ళి నిలబడ్డాను. అప్పటికింకా మేము మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. ఇంగ్లీషు పర్వాలేదని, చెవులు బాగున్నాయని నన్ను వైర్‌లెస్ పనికి తీసుకున్నారు. కొన్నేళ్ళు అక్కడా ఇక్కడా తిప్పి, చివరికి అస్సాం దాటాక వచ్చే తూర్పు సరిహద్దు కొండల్లోకి పంపారు.

అక్కడ మా పని ఏమిటో కొంచెం చెప్పాలి. కొండల శిఖరాల మీద సైన్యం పోస్టులు దూరదూరంగా ఉండేవి. రోడ్లు లేవు. పోస్టులో ఉన్నవాళ్ళకు బియ్యం అయిపోయినా, తూటాలు అయిపోయినా, మందులు కావాలన్నా వైర్‌లెస్‌లో మాకు చెప్పాలి. మా డేరాలు సైన్యం పెద్దాఫీసు పక్కనే ఉండేవి. మా ఆఫీసరు, సైన్యం ఆఫీసరు ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అని తేల్చుకునేవారు. ఆ మాట మేము మైదానంలో ఉన్న ఎయిర్‌ఫీల్డుకు చేరవేసేవాళ్ళం. అక్కడ విమానం లేచేది. అది కొండ మీదికి వచ్చాక పైన పైలట్‌కూ కింద పోస్టుకూ మధ్య మాటలు మోసేది కూడా మేమే. పైలట్ మాకు కనిపించడు, పోస్టు మాకు కనిపించదు. చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లలో రెండు గొంతులు, అంతే.

రెండు రాష్ట్రాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటేడు వానాకాలంలో జరిగింది ఇది.

మిగతా అన్నిటికంటే ఎత్తైన పోస్టు ఒకటి ఉండేది. దానికి పోయే కాలిదారి వానలకు కొండ విరిగిపడి మూసుకుపోయింది. కిందికి రాలేరు, పైకి పోలేరు. వాళ్ళకు ఇక ఆకాశమే దారి. ఆకాశం చూస్తే తెరిపి లేని మబ్బు. అది పైన ఎక్కడో ఉండే మబ్బు కాదు, కొండను నడుముదాకా కప్పేసి కూర్చునేది.

ఆ పోస్టులో వైర్‌లెస్ మోసేవాడి గొంతు నాకు అలవాటయింది. పేర్లు చెప్పకూడదు, ఊళ్ళు చెప్పకూడదు. పోస్టుకో గుర్తుమాట, మాకో గుర్తుమాట. హిందీలోనో, వచ్చీరాని ఇంగ్లీషులోనో మాట్లాడుకునేవాళ్ళం. ఒక పొద్దున అతను బియ్యం సంగతి చెప్పడం ముగించి, సెట్టు బొత్తాం వదలడం మరిచిపోయాడు. తనలో తను అనుకోవడం నాకు వినపడింది.

"థూ, ఈ మబ్బు పాడుగాను. యాడ సూసినా ఒకటే తెలుపు."

ఇంటి దగ్గర తప్ప ఎక్కడా వినని 'యాడ' అది. పక్కన ఎవరూ లేరని చూసుకుని, అతను బొత్తాం వదిలాక తెలుగులో అడిగాను.

"ఏ ఊరన్నా మీది?"

అనుమానంగా, "నువ్వెవురప్పా?" అన్నాడు.

"ఆదోని."

అతను నవ్వాడు. వైర్‌లెస్‌లో నవ్వు గరగరమని ఎండుటాకులు తొక్కినట్టు వినిపిస్తుంది. "ఆదోని నుంచి ఎమ్మిగనూరు బస్సు పోతాది సూడు, ఆ దోవలోనే మా పల్లె. నా పెండ్లాము పుట్టినిల్లు ఎమ్మిగనూరే" అన్నాడు.

అది నిబంధనలకు విరుద్ధం. మా ఆఫీసరుకు తెలుసు. ఆయన పంజాబ్ వైపు మనిషి, విభజనలో ఇల్లూవాకిలీ పోగొట్టుకొని వచ్చినవాడు. నేను తెలుగులో మాట్లాడుతుంటే ఒకసారి డేరా గుమ్మం దాకా వచ్చి, విని, ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రోజూ పని మాటలు అయిపోయాక మేము రెండు మూడు ముక్కలు తెలుగులో అనుకునేవాళ్ళం. అత్తవారిలాగే వాళ్ళదీ నేతకులమేనట, కానీ తాత కాలంలో మగ్గం అమ్ముకొని సేద్యానికి దిగారట. తల్లి పోయిందట, తండ్రి ఒక్కడే చేను చూసుకుంటున్నాడట. అక్కడ వానలు పడ్డాయో లేదో తెలియడం లేదని బాధపడేవాడు. సెలవు దొరికితే ఇద్దరం ఆదోని స్టేషన్ దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తిందామన్నాడు.

ఆకలి మీద ఉన్న మనిషి తిండి మాటలు ఎక్కువ చెబుతాడు. అది నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

విమానం రాలేదని కాదు. వచ్చింది. వీలైన ప్రతి పొద్దునా వచ్చింది. మబ్బు పైన చక్కర్లు కొట్టింది. పైలట్ "కింద నేల కనపడటం లేదు, అంతా తెలుపే" అనేవాడు. నేను పోస్టుకు చెప్పేవాణ్ణి. పచ్చి ఆకులు వేసి పొగ పెట్టమన్నాం. పెట్టారు. ఆ పొగ మబ్బులో కలిసిపోయింది. "ఇమానం ఇనపడతాంది. నెత్తి మీదే ఉండాది. కనపడల్యా" అనేవాడు అతను. ఆ మాట పైలట్‌కు చేరవేసేవాణ్ణి. పైన పైలట్ కిందికి దిగుదామని చూసేవాడు. ఒక రోజు మబ్బులోకి దిగాడు కూడా. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత పైకి లేచి, రెక్క పక్కనే చెట్లు కనిపించాయన్నాడు. మా ఆఫీసరు సెట్టు మైకు నా చేతిలోంచి లాక్కుని, ఇంకెప్పుడూ అలా దిగవద్దని అరిచాడు. అరిచాక చాలాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. విమానంలో ఉన్నవాళ్ళూ మనుషులే కదా. ఎవరిని తిట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు.

ఒక్క పొద్దున మాత్రం మబ్బు చిరిగింది. విమానం గబగబా మూటలు విడిచింది. గాలికి మూటల పారాచూట్ గొడుగులు అటు కొట్టుకుపోయి, చాలావరకు లోయలో పడ్డాయి. పోస్టువాళ్ళు తాళ్ళు కట్టుకొని దిగి ఒక్క మూట పైకి తెచ్చుకున్నారు. విప్పి చూస్తే అది కంచరగాడిదలకు దాణాగా పంపే శనగలు. ఆ పోస్టులో గాడిదలే లేవు. మందుల పెట్టె లోయలో ఎక్కడ పడిందో దొరకలేదు.

"గుగ్గిళ్ళు సేసుకొని తింటిమి" అన్నాడతను. "మా అమ్మ సేసినంత బాగలేవులే." నవ్వబోయి దగ్గాడు.

అప్పటికే పోస్టులో జ్వరాలు మొదలయ్యాయి. రక్త విరేచనాలు. చెప్పడానికి సిగ్గుపడి మొదట "కొందరికి బాగలేదు" అన్నాడు. ఆ కొందరిలో తనూ ఉన్నాడని చెప్పలేదు. వాళ్ళ సెట్టుకు కరెంటు చేత్తో తిప్పే యంత్రం నుంచి రావాలి. ఒకడు తిప్పుతుంటే ఇంకొకడు మాట్లాడాలి. తిప్పేవాడికి బలం చాలకపోతే గొంతు సన్నబడుతుంది. ఆ గొంతు రోజురోజుకీ సన్నబడడం నేను విన్నాను. డాక్టరును పిలిపించి సెట్టు దగ్గర కూర్చోబెట్టాం. ఆయన ఏవేవో చెప్పేవాడు. నీళ్ళు కాచి తాగండి, ఉప్పూ చక్కెరా కలపండి. నేను తెలుగులో చెప్పేవాణ్ణి. "సక్కెర యాడిది సామీ" అనేవాడు అటునుంచి.

చివరిసారి మాట్లాడిన పొద్దున కూడా విమానం వచ్చింది. "నా గొంతు ఇనపడతాందా?" అని అడిగాడు. ఇనపడతాందన్నాను. "ఇమానం గూడా ఇనపడతాంది" అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు కానీ యంత్రం తిప్పేవాడు ఆపేసినట్టున్నాడు, మాట మధ్యలో తెగిపోయింది.

మర్నాడు పోస్టు నుంచి వేరే గొంతు వచ్చింది. ఆ గొంతుకు తెలుగు రాదు.

విరిగిపడిన దారిని కోసుకుంటూ కాలినడకన పోయిన జట్టు చివరికి పైకి చేరింది. పోయినవాళ్ళను అక్కడే దహనం చేశారు. ఆ జట్టు పంపిన సమాచారం నేనే రాసుకున్నాను. పోయినవాళ్ళ పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్ళు ఒక్కొక్క అక్షరమే చెబుతున్నారు. ఆదోని తాలూకా అనగానే పెన్సిలు ఆగిపోయింది. అతని పేరు నాకు తెలిసింది అప్పుడే. దాన్ని ఇక్కడ రాయను. బతికుండగా ఒక్కసారి కూడా పిలవని పేరు అది.

ఆ ఏడు చివర్లో నాకు సెలవు దొరికింది. ఆదోనిలో దిగేసరికి ఊరు ఎండిపోయి ఉంది. మండీలో పత్తి బండ్లు లేవు. ప్రెస్సు మిల్లు సైరను మోగుతోంది కానీ హమాలీలు గోడ నీడన కూర్చొని బీడీలు కాలుస్తున్నారు. చుట్టుపక్కల వానలు లేవని నాన్న చెప్పాడు. అతని పల్లెకు పోతానంటే అమ్మ వద్దంది. "సచ్చినోళ్ళ ఇంటికి నువ్వు పొయ్యి ఏం సెప్తావు రా?" అంది. నాకూ తెలియదు. అయినా మర్నాడు ఎమ్మిగనూరు బస్సెక్కి, దారిలో దిగి, ఆ పల్లెకు నడిచి పోయాను.

తండ్రి చేలో ఉన్నాడన్నారు. పత్తి మొక్కలు జానెడు లేచి అక్కడే మాడిపోయాయి. నల్లరేగడి నేల చెయ్యి పట్టేంత నెర్రెలు వారింది. ఆయన పని ఏమీ చేయడం లేదు. గట్టు మీద కూర్చొని ఉన్నాడంతే. నేను ఎవరో చెప్పాను. మీ కొడుకుతో మాట్లాడేవాణ్ణని చెప్పాను. ఆయన లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు పక్కనే ఉంటివా నాయనా?"

"పక్కన లేను పెద్దాయనా. దూరంగా ఉంటిని. మాట మాత్రం ఇనపడేది."

"తూటా యాడ తగిలె?"

టెలిగ్రాంలో కొలువులో ఉండగా మరణించాడని మాత్రమే వచ్చిందట. వీళ్ళంతా తూటా అనుకున్నారు. ఊళ్ళో అందరికీ అదే చెప్పుకున్నారు. అబద్ధం చెబుదామన్న ఆలోచన కూడా ఆ క్షణాన రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. దారి మూసుకుపోయిందని, తిండీ మందులూ విమానంలో పంపామని, మబ్బు అడ్డమొచ్చి వేయలేకపోయామని, జ్వరంతో పోయాడని.

"ఇమానం వచ్చెనా?"

"వచ్చె. రోజూ వచ్చె."

"వచ్చినాక కిందికి వేసేకి ఏమాయె?"

"మబ్బు పెద్దాయనా. పైనున్నోనికి కిందేముండాదో కనపడదు. కొండకు కొట్టుకుంటాది."

ఆయన తల పైకెత్తాడు. ఆకాశం నీలంగా, శుభ్రంగా ఉంది. మేఘపు తునక కూడా లేదు. ఆయన చాలాసేపు అటే చూశాడు. "మబ్బు వల్ల సచ్చినాడా నా కొడుకు?" అన్నాడు. కోపంగా అనలేదు. సరిగ్గా విన్నానా లేదా అని కనుక్కునేవాడిలా అన్నాడు. "ఈడ మబ్బు కోసరమే గదప్పా మేము గంగమ్మకు మేకపోతును కోసింది. ఆ నెలలోనే గదా."

గట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఎండ నెత్తికెక్కేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.

కోడలు ఎమ్మిగనూరులో పుట్టింట్లో ఉందని, ఆమెకు ఈ మాట తను చెప్పలేనని ఆయనే అన్నాడు. "నువ్వే సెప్పల్ల నాయనా. నా నోట రాదు." ఇద్దరం రోడ్డెక్కి బస్సు కోసం నిలబడ్డాం. ఇంట్లోంచి ఉతికిన పంచె కట్టుకొని వచ్చాడాయన. బస్సులో ఎదురు సీటు కమ్మీ పట్టుకొని కూర్చున్నాడు. బస్సు ఆగినప్పుడు కూడా ఆ పట్టు వదల్లేదు.

ఎమ్మిగనూరులో ఆ వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. ఆమె పుట్టింట్లో అన్న మగ్గం గుంటలో కూర్చొని నేస్తున్నాడు. ఆమె రాట్నం మీద కండెలు చుడుతోంది. చిన్నదే. ఇరవై దాటాయో లేదో. మామను చూసి లేచి, కొంగు సర్దుకుని, నన్ను చూసి ఆగిపోయింది. ఆమె అన్న మగ్గం ఆపాడు. నేను చెప్పినంతసేపూ ఆమె రాట్నం పిడి పట్టుకొనే ఉంది. మామ గుమ్మం బయట గోడకు ఆనుకొని నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

నేను ముగించాక ఆమె అడిగింది ఒక్కటే.

"ఆ ఇమానం సప్పుడు ఆయనకు ఇనపడేదా అన్నా?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. "ఇనపడేదమ్మా" అన్నాను. "రోజూ ఇనపడతాందని సెప్పేవాడు."

"కడాపటి దినం గూడా?"

"కడాపటి దినం గూడా."

ఆమె తల దించుకుంది. "అయితే వస్తాది వస్తాది అనుకుంటానే పోయినాడు" అంది.

ఏడవలేదు. ఆమె అన్న మాత్రం మగ్గం గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే మొహం కప్పుకుని ఏడ్చాడు. ఆమె తల్లి నాకు చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగాను. తాగకపోతే ఆ ముసలావిడ అలాగే నిలబడి ఉండేది.

బస్టాండులో తండ్రి నాతో చివరిగా అన్నమాట ఇది. "నువ్వు రాకుంటే బాగుండు నాయనా. తూటా అనుకొంటా బతుకుతాంటిమి." నిష్ఠూరం కాదు. పైపంచతో నా భుజం మీది దుమ్ము దులిపి మరీ అన్నాడు. ఆ మాట తర్వాత ఆయన ఆదోని వైపు బస్సెక్కలేదు, పల్లెదాకా నడిచిపోతానన్నాడు. నన్ను ఒక్కణ్ణే ఎక్కించాడు. బస్సు ఆయన్ని దాటిపోయినప్పుడు రోడ్డు పక్కన నడుస్తూ తల తిప్పలేదు.

సెలవు అయిపోయాక మళ్ళీ ఆ కొండల్లోకే వెళ్ళాను. అదే డేరా, అదే సెట్టు. ఆఫీసరు నన్ను పిలిచి, వాళ్ళింటికి వెళ్ళావా అని అడిగాడు. వెళ్ళానన్నాను. ఏమన్నారని అడగలేదు. వేరే పని చూసుకుంటావా, మైదానానికి పంపిస్తాను అన్నాడు. ఎందుకో వద్దన్నాను. మైదానంలో ఉన్నా ఇదే పని, గొంతులు ఇంకాస్త దూరమవుతాయి, అంతే. మరుసటి వానాకాలం మళ్ళీ మబ్బులు దిగాయి. మళ్ళీ విమానాలు పైన తిరిగాయి. ఇంకో పోస్టు, ఇంకో గొంతు. "వినిపిస్తోంది, కనిపించడం లేదు." ఆ మాట అన్ని భాషల్లోనూ విన్నాను. కొన్నిసార్లు మూటలు సరిగ్గా పడేవి, డేరాలో అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. నా చేతులు లేచేవి కావు. అతను పోయిన ఆ ఎత్తైన కొండ మీది పోస్టును ఆ శీతాకాలంలో ఎత్తేశారు. అక్కడ ఉండాల్సిన అవసరం లేదని పైవాళ్ళు తేల్చారట. సైన్యం ఆఫీసరు బల్ల మీది మ్యాపు నుంచి ఒక గుండుసూదిని పీకి డబ్బాలో వేశాడు.

తర్వాతి సెలవులో ఆ పల్లెకు పోయాను. ఇంటికి తాళం వేసి ఉంది. ఎదురింటి ఆమె చెప్పింది. "ఎండాకాలంలోనే పోయినాడప్పా. జబ్బేం లేదు. కూడు తినడం మానుకున్న్యాడు. పెట్టేటోళ్ళు పెడితిమి, తినల్యా." చేను ఎవరో కౌలుకు చేస్తున్నారట. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా పత్తి విరగపూసి ఉంది. నాకు దాన్ని చూడాలనిపించలేదు.

ఎమ్మిగనూరుకు వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. కానీ తిరుగు ప్రయాణం రోజున ఆదోని స్టేషన్‌లో ఆమే కనిపించింది. అన్నా, తల్లీ, మూటలు, ఒక ఇత్తడి బిందె. నూలు ధర పెరిగి మగ్గం సాగడం లేదని, షోలాపూరు మిల్లులకు పోతున్నామని అన్న చెప్పాడు. ఆమె బాగా చిక్కిపోయింది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఆ కొండ పేరేమి?"

"పేరు లేదమ్మా. మా మ్యాపులో ఒట్టి అంకె ఉంటాది."

"ఆడ కాల్సినారు గదా. గుర్తుకేమన్నా పెట్టినారా?"

"రాళ్ళు పేర్సినారంట. నేను సూడల్యా."

"ఇప్పుడు ఆడ ఎవురుండారు?"

చెప్పాలా వద్దా అని తటపటాయించాను. అప్పటికి ఒకసారి నిజం చెప్పి ఒక మనిషి ఏమైపోయాడో చూశాను. కానీ ఆమె కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి.

"ఎవురూ లేరమ్మా. ఆ పోస్టు ఎత్తేసినారు. అక్కర్లేదన్నారు."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "ఎవురూ లేరా?" అంది. తర్వాత చాలా మెల్లగా, "మరి ఆ పొద్దు ఎందుకుండిరి?" అంది.

బొంబాయి వైపు బండి వచ్చేసింది. అన్న మూటలు ఎత్తుకొని కేకేశాడు. తల్లి బిందె అందించింది. ఆమె ఆ బిందెను చంకన పెట్టుకొని, నా నుంచి జవాబు వస్తుందేమోనని ఇంకాసేపు నిలబడింది. రాదని తెలిశాక ఎక్కింది. కిటికీ దగ్గర చోటు దొరకలేదు కాబోలు, మళ్ళీ కనిపించలేదు. బండి కదిలిపోయింది.

నా బండి గుంతకల్లు వైపు. అది రావడానికి ఇంకా టైముంది. ప్లాట్‌ఫారం మీద పత్తి బేళ్ళు ఎత్తుగా పేర్చి ఉన్నాయి. వాటి పక్కన నా ట్రంకు పెట్టె మీద కూర్చున్నాను. చొక్కా మీది రెక్కలు చూసి ఒక హమాలీ దగ్గరికొచ్చి, "ఎన్ని ఇమానాలు తోలినావప్పా?" అని అడిగాడు.

"ఒక్కటీ తోలలేదు" అన్నాను.